పాఠం 12: దాచిన డబ్బా, దారి చూపిన దిక్కులు

ఈ పాఠంలో మనం నేర్చుకునేవి: ఎనిమిది దిక్కుల పేర్లు, అక్షాంశాలు–రేఖాంశాలు చదవడం, జీపీఎస్‌కీ మ్యాపుకీ ఉన్న తేడా.

1. ముందుగా ఒక ఆట

పిల్లలూ, దాగుడుమూతలు మీ అందరికీ తెలుసు కదా? ఒకరు కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెడతారు, మిగతావాళ్ళు దాక్కుంటారు. జియోకాషింగ్ కూడా అలాంటి ఆటే. కాకపోతే ఇందులో దాక్కునేది మనిషి కాదు, ఒక డబ్బా. ఎవరో ఒకరు చిన్న డబ్బాని పార్కులోనో, కొండ దగ్గరో దాచిపెడతారు. అది ఎక్కడుందో చెప్పే రెండు అంకెల్ని ఇంటర్నెట్‌లో పెడతారు. ఆ అంకెల్ని ఫోన్‌లో వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళాలి.

డబ్బా దొరికితే మూత తీసి, లోపల ఉన్న చిన్న పుస్తకంలో మన పేరు, తేదీ రాయాలి. లోపల బొమ్మలూ, గోళీలూ లాంటివి ఉంటే ఒకటి తీసుకోవచ్చు. అయితే దాని బదులు మనదొకటి పెట్టాలి. తర్వాత డబ్బాని మళ్ళీ అదే చోట, అలాగే దాచేసి రావాలి. అంతే!

ఈ ఆట ఎప్పుడు పుట్టిందో మనకి కచ్చితంగా తెలుసు. 2000 మే 1 దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతంలో కావాలనే కొంచెం తప్పు కలిపేది. అందువల్ల 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అంత తేడాతో చిన్న డబ్బాని ఎవరు వెతకగలరు? ఆ రోజు రాత్రి ప్రెసిడెంట్ క్లింటన్ ఆదేశంతో ఆ తప్పు కలపడం ఆపేశారు. రెండు రోజులు తిరక్కుండానే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్‌ని దాచిపెట్టి, దాని అంకెల్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో ఒక పుస్తకం, పెన్సిలు, కొన్ని వస్తువులు, ఒక బీన్స్ డబ్బా కూడా ఉన్నాయి! ఇప్పుడు మాత్రం తినేవి పెట్టకూడదు. జంతువులు వాసన పట్టి డబ్బాని కొరికేస్తాయి.

2. మా ఇంటి కథ

కిందటి చలికాలం మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊరి నుంచి చాండ్లర్ వచ్చారు. డిసెంబరులో ఒక శనివారం మా పాప, మా బాబు, నేను ఆయన్ని తీసుకుని శాన్ టాన్ మౌంటెన్ రీజనల్ పార్క్‌కి వెళ్ళాం. అది చాండ్లర్‌కి ఆగ్నేయంగా ఉంటుంది. పది వేల ఎకరాలకు పైగా ఉన్న ఎడారి అది. నిలువెత్తు సువారో కాక్టస్‌లు, ముట్టుకుంటే అంటుకుపోయే చోయా ముళ్ళు. నాన్నగారు వాటిని చూసి, "ఇవి మన నాగజెముడుకి చుట్టాల్లా ఉన్నాయే" అన్నారు.

పొద్దున పదకొండింటికి కారు దిగి నడక మొదలుపెట్టాం. బాబు చేతిలో ఫోన్. "అమ్మా, ఇంకా 300 మీటర్లు! 100! 20!" అంటూ పరిగెత్తాడు. చివరికి 4 మీటర్లు అని చూపించింది. అక్కడి నుంచి ఎటు వెళ్ళినా అంకె మారుతూనే ఉంది. 5 అంటుంది, 3 అంటుంది, మళ్ళీ 6 అంటుంది.

"ఫోన్ పాడైందమ్మా" అన్నాడు.

పాడవలేదు పిల్లలూ. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతోనే చెప్పగలదు. ఆ చివరి 5 మీటర్లూ మన కళ్ళతోనే వెతకాలి.

రాళ్ళ మధ్య ఒక కన్నం కనిపించగానే బాబు చెయ్యి పెట్టబోయాడు. నాన్నగారు గబుక్కున చెయ్యి పట్టుకున్నారు. "ఆగరా! మన ఊళ్ళో పుట్టలో చెయ్యి పెడతామా? ఇక్కడా అంతే" అన్నారు. ఆ మాట నిజం. ఇక్కడ ర్యాటిల్ స్నేక్స్ ఉంటాయి, తేళ్ళు ఉంటాయి. కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టకూడదు.

ఇంతలో పాప ఒక చోట ఆగింది. "తాతయ్యా, ఈ రాళ్ళు ఎవరో పేర్చినట్టు లేవూ?" అంది. కర్రతో రాళ్ళు పక్కకి జరిపి చూస్తే ఆకుపచ్చ డబ్బా! పిల్లలిద్దరూ చిన్న పుస్తకంలో ఇంగ్లీషులో పేర్లు రాశారు. నాన్నగారు కింద తెలుగులో సంతకం పెట్టారు. ఆ పుస్తకంలో తెలుగు అక్షరాలు అవే మొదటివి.

3. మ్యాపు మాయమైంది

అక్కడే కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. డబ్బాని మళ్ళీ దాచేసి, ఇంకాస్త దూరం తిరిగి చూశాం. మధ్యాహ్నం మూడయ్యింది. తిరిగి వెళ్దామని బయల్దేరాం. కాసేపటికి దారి రెండుగా చీలింది. ఫోన్ తీసి చూస్తే మ్యాపు లేదు. బూడిదరంగు తెర మీద ఒక నీలం చుక్క. దారులు లేవు, పేర్లు లేవు, పార్కింగు లేదు. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

ఇక్కడ తప్పు నాదే. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ చోటి మ్యాపుని డౌన్‌లోడ్ చేసుకోవాలి. చేసుకోలేదు. కారు ఎక్కడ ఆపామో ఆ చోటుని ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి. పెట్టుకోలేదు. నీళ్ళు మాత్రం సరిపడా తెచ్చాను. రెండున్నర గంటల్లో చీకటి పడుతుంది. లోపల భయం వేసింది, పిల్లలకి కనిపించకుండా చూసుకున్నాను.

"మనం ఏ వైపు నుంచి వచ్చాం?" అని అడిగాను.

"ఎడమవైపు నుంచి" అన్నాడు బాబు.

"కాదు, కుడివైపు నుంచి" అంది పాప.

ఇద్దరూ చెయ్యి చాపింది ఒకే దారి వైపు! వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. అందుకని ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి అయ్యింది. పోనీ అది సరైన దారేనా అంటే, ఇద్దరికీ నమ్మకం లేదు.

నాన్నగారు నవ్వారు. "కుడీ ఎడమా మనం తిరిగితే మనతో పాటే తిరుగుతాయర్రా. దిక్కులు తిరగవు. సరే గానీ, పొద్దున కారు దిగి నడుస్తుంటే ఎండ ఎక్కడ కొట్టింది?"

"మొహం మీద! నేను కళ్ళు చిట్లించుకుని నడిచాను" అంది పాప.

"చలికాలం మధ్యాహ్నానికి కాస్త ముందు సూర్యుడు దక్షిణంగా ఉంటాడు. మొహం మీద కొట్టిందంటే మనం దక్షిణంగా నడిచాం. మరి తిరిగి వెళ్ళాలంటే?"

"ఉత్తరంగా!" పాప గొంతు ఖంగుమంది.

"ఇప్పుడు మూడయ్యింది. సూర్యుడు నైరుతి మూలకి దిగాడు. నీడలు ఎటు పడాలి?"

ఇద్దరూ నోరు మెదపలేదు. నైరుతి అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. నేనూ ఎప్పుడూ నేర్పలేదు. నాన్నగారు కర్రతో ఇసకలో ఒక ప్లస్ గుర్తు గీసి, నాలుగు మూలలకీ పేర్లు చెప్పారు. నైరుతికి ఎదురు మూల ఈశాన్యం. అంటే నీడలు ఈశాన్యం వైపు పడతాయి. ఉత్తరంగా నడిస్తే సూర్యుడు మన వెనక ఎడమవైపు ఉండాలి, నీడ మన ముందు కుడివైపు పడాలి.

రెండు దారుల్లో ఒకటి తూర్పుకి పోతోంది, ఇంకొకటి ఉత్తరానికి. పిల్లలు చూపించింది తూర్పు దారి. మేం ఉత్తరపు దారి పట్టాం. వంపు వచ్చినప్పుడల్లా పాప తన నీడ చూసుకుని "కరెక్టే తాతయ్యా" అంటూ నడిచింది. నలభై నిమిషాల్లో పార్కింగు కనిపించింది. బాబు వెళ్ళి కారుని కావిలించుకున్నాడు!

4. పోయింది జీపీఎస్సా, మ్యాపా?

"జీపీఎస్ పోయింది" అని బాబు ఆ రోజు పదిసార్లు అన్నాడు. నిజానికి జీపీఎస్ పోలేదు. నీలం చుక్క కదులుతూనే ఉంది కదా! పోయింది మ్యాపు. ఈ రెండూ వేరు.

జీపీఎస్ ఆకాశం నుంచి వస్తుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. మొదటిది 1978లో పైకి వెళ్ళింది. 24 ఉంటే భూమి అంతటికీ సరిపోతాయి. ఇప్పుడు దాదాపు 30 పనిచేస్తున్నాయి. ఒక్కో ఉపగ్రహం "నేను ఇక్కడున్నాను, ఇప్పుడు టైము ఇంత" అని చెబుతూనే ఉంటుంది. మన ఫోన్ ఆ మాట వింటుంది. తిరిగి ఏమీ చెప్పదు. అందుకే దీనికి సెల్ టవర్ అక్కర్లేదు. టవర్ ఉంటే చుక్క త్వరగా దొరుకుతుంది, లేకపోతే కాస్త ఆలస్యం అవుతుంది, అంతే.

దూరం ఎలా తెలుస్తుంది? మెరుపు మెరిశాక ఉరుము వినిపించేదాకా మీరెప్పుడైనా లెక్కపెట్టారా? మూడు సెకన్లు పడితే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. ఫోన్ కూడా అలాగే లెక్కపెడుతుంది. అయితే ఉపగ్రహం మాట కాంతి వేగంతో, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వస్తుంది. మన దగ్గరికి చేరడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో లెక్క కట్టవచ్చు. ఫోన్ గడియారంలో ఉండే చిన్న తప్పు సరిచేసుకోవడానికి నాలుగోది కావాలి.

మ్యాపు అలా కాదు. అది నేల మీద మనుషులు కొలిచి, నడిచి, గీసిన బొమ్మ. మన ఫోన్‌కి అది ఇంటర్నెట్ ద్వారా వస్తుంది. ఇంటర్నెట్ లేకపోతే బొమ్మ రాదు, చుక్క ఒక్కటే మిగులుతుంది.

కెనడాలో ఉండే మన పిల్లలకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అది చాలా పెద్ద దేశం. ఉత్తరాన జనం బాగా తక్కువ, సెల్ టవర్లూ తక్కువే. ఆకాశంలో ఉపగ్రహాలు మాత్రం అక్కడా ఉంటాయి. కెనడా ప్రభుత్వం దేశం మొత్తానికీ 13 వేలకు పైగా పెద్ద పటాలు తయారుచేసింది. వాటిలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. దూరపు అడవుల్లోకి వెళ్ళేవాళ్ళు కాగితం పటం, దిక్సూచి వెంట తీసుకెళ్తారు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కదా!

మీకు తెలుసా? భారతదేశానికి కూడా సొంత దారి చూపే ఉపగ్రహాలున్నాయి. వాటి పేరు నావిక్. వాటిలో మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి పైకి వెళ్ళింది. శ్రీహరికోట ఆంధ్రప్రదేశ్‌లో, పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉంది. నావిక్ అన్న పేరు వినగానే మన "నావికుడు" అన్న మాట గుర్తుకొస్తుంది.

5. రెండు అంకెలు, రెండు దిక్కులు

భూమి మీద ఏ చోటికైనా రెండు అంకెలు చాలు. భూమధ్యరేఖకి ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నామో చెప్పేది అక్షాంశం. ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ నుంచి ఎంత తూర్పున లేదా పడమట ఉన్నామో చెప్పేది రేఖాంశం.

చాండ్లర్: 33.3° ఉత్తరం, 111.8° పడమర
హైదరాబాద్: 17.4° ఉత్తరం, 78.5° తూర్పు
విజయవాడ: 16.5° ఉత్తరం, 80.6° తూర్పు
టొరంటో: 43.7° ఉత్తరం, 79.4° పడమర

హైదరాబాద్, టొరంటో రేఖాంశాలు చూడండి. అంకెలు దాదాపు ఒకటే, దిక్కే వేరు. హైదరాబాద్ అంకెల్లో "తూర్పు" బదులు పొరపాటున "పడమర" అని రాశారనుకోండి, హైదరాబాద్ వెళ్ళి జమైకా పక్కన సముద్రంలో పడుతుంది! దిక్కు లేని అంకె మనల్ని ఎక్కడికీ చేర్చదు.

ఇంకో చిన్న లెక్క. చాండ్లర్ 111.8 పడమర, హైదరాబాద్ 78.5 తూర్పు. రెండూ కలిపితే సుమారు 190. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. 190ని 15తో భాగిస్తే పన్నెండున్నర కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. అక్కడికీ ఇక్కడికీ గడియారంలో తేడా 12 గంటల 30 నిమిషాలు. నవాహో నేషన్ తప్ప మిగతా అరిజోనాలో వేసవికి గడియారాలు మార్చరు. కాబట్టి చాండ్లర్ నుంచి అమ్మమ్మకి ఫోన్ చేసేటప్పుడు ఏడాదంతా ఇదే తేడా.

6. ఎనిమిది దిక్కులు

పొద్దున సూర్యుడు వచ్చే వైపు తిరిగి నిలబడండి. మీ ముందు తూర్పు, వెనక పడమర, ఎడమ చేతి వైపు ఉత్తరం, కుడి చేతి వైపు దక్షిణం. వీటి మధ్య నాలుగు మూలలు:

ఈశాన్యం: ఉత్తరానికీ తూర్పుకీ మధ్య.
ఆగ్నేయం: తూర్పుకీ దక్షిణానికీ మధ్య. ఇది అగ్ని మూల, అందుకే చాలా ఇళ్ళల్లో వంటిల్లు ఇక్కడ కడతారు.
నైరుతి: దక్షిణానికీ పడమరకీ మధ్య. మన ఊళ్ళకి వానలు తెచ్చేవి నైరుతి రుతుపవనాలు. మన అరిజోనా ఉన్నది కూడా అమెరికాకి నైరుతి మూలే!
వాయవ్యం: పడమరకీ ఉత్తరానికీ మధ్య. ఇది వాయువు మూల, అంటే గాలి మూల.

తాతయ్య ఊళ్ళో ఇవి రోజూ వాడే మాటలు. "తూర్పు వీధిలో పెళ్ళి", "పడమటి చేనుకి నీళ్ళు పెట్టాలి", "మంచం కాస్త ఉత్తరంగా జరుపు" అంటారు. చాండ్లర్‌లో కూడా దిక్కులు మన కళ్ళ ముందే ఉన్నాయి. అరిజోనా ఎవెన్యూకి తూర్పున ఉన్న చాండ్లర్ బులవార్డ్ బోర్డు మీద "ఈ" అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, పడమట "డబ్ల్యూ" ఉంటుంది. ఈసారి కారులో వెళ్ళేటప్పుడు గమనించండి.

7. గుర్తుపెట్టుకోండి

పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళాలి.
నీళ్ళు సగం అయిపోయేలోపే వెనక్కి తిరగాలి. ఎండాకాలంలో ఇక్కడ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. అప్పుడు ఈ ఆట వద్దు.
మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కారు ఉన్న చోటు గుర్తు పెట్టుకోవాలి.
చోయా ముల్లు గుచ్చుకుంటే చేత్తో లాగకూడదు, దువ్వెనతో తీయాలి.
మీరు ఒక్కరే తప్పిపోతే నడవకండి. ఉన్న చోటే, నీడలో కూర్చుని గట్టిగా పిలవండి. ఆ రోజు మేం నడిచామంటే, పెద్దవాళ్ళం ఉన్నాం, నీళ్ళున్నాయి, దారి మీదే ఉన్నాం, వెలుతురుంది.
మీరే ఒక డబ్బా దాచాలనుకుంటే ముందు ఆ చోటు ఎవరిదో వాళ్ళ అనుమతి అడగాలి.

8. కొత్త పదాలు

పటం: మ్యాపు
దిక్సూచి: ఉత్తరం ఎటుందో చూపించే ముల్లు ఉన్న పెట్టె
ఉపగ్రహం: భూమి చుట్టూ తిరిగే యంత్రం (చందమామ కూడా భూమికి ఉపగ్రహమే)
సంకేతం: గుర్తు, సిగ్నల్
కన్నం: చిన్న రంధ్రం
పుట్ట: చెదపురుగులు కట్టే మట్టి దిబ్బ, ఇందులో పాములు చేరతాయి

మాట ఎలా మారుతుందో చూడండి: ఉత్తరం – ఉత్తరాన ఉంది – ఉత్తరానికి వెళ్ళు – ఉత్తరంగా జరుగు – ఉత్తరపు గది. ఇలాగే "దక్షిణం"తో మీరు రాయండి.

9. జవాబులు చెప్పండి

అ) బాబు "ఎడమ" అన్నాడు, పాప "కుడి" అంది. చూపించింది ఒకే దారి. ఎలా?
ఆ) ఫోన్‌లో మ్యాపు రాకపోయినా నీలం చుక్క ఎందుకు కనిపించింది?
ఇ) సాయంత్రం మీ నీడ ఈశాన్యం వైపు పడితే సూర్యుడు ఏ మూలన ఉన్నాడు?
ఈ) పైన ఇచ్చిన నాలుగు ఊళ్ళలో భూమధ్యరేఖకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఏది?
ఉ) ఖాళీ పూరించండి: శాన్ టాన్ పార్క్ చాండ్లర్‌కి ______ మూలన ఉంది.

10. చేసి చూడండి

ఇంట్లో ఒక చిన్న డబ్బా దాచండి. దాన్ని వెతకడానికి తమ్ముడికో, చెల్లికో, స్నేహితులకో తెలుగులో దారి రాసి ఇవ్వండి. ఉదాహరణ: "వాకిలి దగ్గర నిలబడు. తూర్పుగా ఆరు అడుగులు వెయ్యి. అక్కడి నుంచి నైరుతి మూలకి చూడు." కుడి, ఎడమ అన్న మాటలు వాడకూడదు!

ఈ వారం ఫోన్‌లో మీ తాతయ్యనో, అమ్మమ్మనో, నాయనమ్మనో మూడు ప్రశ్నలు అడగండి: మీ ఇంటి వాకిలి ఏ దిక్కుకి ఉంది? వంటిల్లు ఏ మూలన ఉంది? ఊరి చెరువుకి ఎటు వెళ్ళాలి? వాళ్ళు చెప్పిన దాన్ని బట్టి ఆ ఇంటి పటం గీసి, ఎనిమిది దిక్కులూ తెలుగులో రాయండి. గీశాక వాళ్ళకి చూపించండి. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.

అమ్మానాన్నలకు ఒక మాట: కారులో వెళ్ళేటప్పుడు మ్యాపు గొంతు "టర్న్ లెఫ్ట్" అన్నప్పుడల్లా "ఇప్పుడు మనం ఏ దిక్కుకి తిరిగాం?" అని పిల్లల్ని అడగండి. నాలుగు వారాలు చేస్తే చాలు, ఎనిమిది పేర్లూ నోటికొస్తాయి. పిల్లలు అడిగే దిక్కు మీకే గుర్తు రాకపోతే మొహమాటపడకండి. ఆ రోజు ఇసకలో నాన్నగారు గీసిన గీత దగ్గర పిల్లలతో పాటు నేనూ నేర్చుకున్నాను.